మన రేవు దాకా నీళ్లొచ్చాయా?

బ్రిస్బేన్,
జూన్ 12

తాతయ్యా,

ధవళేశ్వరంలో కాలువలకి నీళ్లు వదిలారంట, అమ్మ చెప్పింది. మన రేవు దాకా వచ్చాయో లేదో మాత్రం చెప్పలేదు. వచ్చుంటే పిల్లలంతా అందులోనే ఉంటారు, నువ్వు గట్టు మీద కర్ర పట్టుకుని అరుస్తుంటావు.

ఇక్కడ చలికాలం. నేను పొద్దున్నే అయిదింటికి నీళ్లలో దిగేసరికి నీకు అర్ధరాత్రి పన్నెండున్నర. పూల్లో నీళ్లు వెచ్చగానే ఉంటాయి గానీ, టవల్ తీసి దిగేదాకా ఉన్న ఆ నాలుగడుగులే నరకం. నీళ్ల మీద ఆవిరి, అచ్చం ధనుర్మాసంలో మన కాలువ మీదలాగే.

రోజూ అంతసేపు ఏం ఈదుతావే అని అడిగావుగా. 50 మీటర్ల పూల్ వందసార్లు దాటితే 5 కిలోమీటర్లు. అది పొద్దుటి లెక్క, సాయంత్రం మళ్లీ దిగాలి. చూడ్డానికి అడుగున నల్ల గీత తప్ప ఇంకేం ఉండదు. గోడకి 2 మీటర్ల ముందు అది ఆగిపోతుంది. ఆ చివర కనపడగానే గోడ దగ్గర వెనక్కి తిరిగే పిల్లిమొగ్గకి సిద్ధమవ్వాలి.

నువ్వు నేర్పినవాటిలో ఒక్కటే ఇక్కడ పనికిరాలేదు, తల ఎత్తి ఈదడం. కాలువలో ఎత్తకపోతే గుర్రపుడెక్కలోకి పోతాం. ఇక్కడ ఎత్తితే నడుం కిందికి జారి, నీళ్లు వెనక్కి లాగేస్తాయి. రెండేళ్లు కోచ్‌తో తిట్లు తిన్నాను. అయినా ఒళ్లు అలిసిందంటే తల దానంతటదే లేస్తుంది. పోయిన నెల 200 మీటర్ల ఫ్రీస్టైల్లో అదే జరిగింది. 0.12 సెకన్ల తేడాతో ఫైనల్ పోయింది. ఎనిమిది మందిని తీసుకుంటారు, నేను తొమ్మిదోదాన్ని. వీడియోలో చూస్తే చివర్లో తల ఎత్తి, పడవేదో ఎదురొస్తున్నట్టు చూస్తున్నాను! నవ్వొచ్చింది. అంతకుముందు ఏడ్చాను కూడా, అమ్మకి చెప్పకు.

మొన్న చిన్నపిల్లల క్లాసులో సాయానికి వెళ్లాను. నడుముకి ఫోమ్ బెల్టు కట్టి దింపుతున్నారు. మన సొరబుర్రే, రంగు వేశారంతే. నాది ఇంకా అటక మీద ఉందా?

కొబ్బరినూనె అయిపోవచ్చింది. రాసుకుని టోపీ పెట్టకపోతే క్లోరిన్‌కి జుట్టు పీచు అయిపోతోంది. ఎవరైనా ఇటొస్తుంటే రెండు సీసాలు పంపించు.

ఇంకోమాట. గోదారికి వరద ఎర్రనీరు తగిలాక కోటిపల్లి రేవులో దిగుతానని బయల్దేరకు. డెబ్భై ఎనిమిదేళ్లు నీకు. పులస తిని ఇంట్లో కూర్చో. నా ముక్క అమ్మని తినమను.

నీ మనవరాలు