వంశపారంపర్యం పోయింది 1984లో కాదు

సంపాదకుడు గారికి,

గ్రామాధికారుల పరిహారంపై హైకోర్టులో నడిచిన పాత తగాదా గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివి ఊరుకుందామనుకున్నాను. మనసొప్పక రాస్తున్నాను. కరణం (ఊరి భూముల లెక్కలు రాసేవాడు), మునసబు (ఊళ్లో శిస్తు వసూలు చేసేవాడు) ఉద్యోగాల వంశపారంపర్యాన్ని 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం అంతం చేసిందని రాశారు. తప్పు. గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు 1960 డిసెంబరు 6నే ఆ పని చేసింది. మునసబు ఉద్యోగమూ సర్కారు కొలువేననీ, వారసుడన్న కారణంతో కట్టబెడితే సర్కారు కొలువుల్లో అందరికీ సమాన అవకాశమనే రాజ్యాంగం 16వ అధికరణ ఒప్పదనీ తేల్చింది. ఆ కేసు పుట్టింది మన గుంటూరు జిల్లాలో. ఇక్కడి పత్రికే ఆ సంగతి మరిస్తే ఎలాగండీ?

తర్వాత 1969లో కొత్త సర్వీసు నిబంధనలొచ్చాయి. మా నాన్నగారు వాటి కిందే, సర్వే, గ్రామ లెక్కల పరీక్షలు పాసై కరణం అయ్యారు. మా వంశంలో అంతకుముందు కరణం లేడు. జమాబందీ (ఏటా జరిగే గ్రామ లెక్కల తనిఖీ) వస్తోందంటే అడంగళ్లు (సాగు లెక్కలు), 10(1) లెక్కలు (రైతువారీ భూమి ఖాతాలు) ముందేసుకుని తెల్లవార్లూ కూర్చునేవారు. 1984 జనవరిలో ఆ పోస్టుల్ని రద్దు చేస్తూ ఆర్డినెన్సు వచ్చాక ఎర్రబట్ట మూటల్లో ఉన్న దఫ్తరమంతా (లెక్కల పుస్తకాలన్నీ) అప్పగించి, జాబితా మీద సంతకం పెట్టి ఉత్త చేతులతో ఇంటికొచ్చారు. ఊళ్లను పీడించిన కరణాలు లేరని నేననను. కానీ పరీక్ష రాసి చేరినవాణ్నీ, తాత పేరు చెప్పి కూర్చున్నవాణ్నీ ఒకే గాటన కట్టి ఒక్క కలంపోటుతో పంపించేశారు. పోస్టు రద్దు చేసే అధికారం ప్రభుత్వానికుందని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది, సరే. చేసిన సర్వీసుకు తగినంత ముట్టజెప్పవద్దని ఏ కోర్టూ చెప్పలేదే! ఎవరికెంత ముట్టిందన్న సంగతిని మీ వ్యాసం ఒక వాక్యంలో దాటేసింది.

అప్పటినుంచీ ఇదే తంతు. కరణాల పని చేసేవాళ్లను గ్రామ సహాయకులన్నారు, వీఏవోలు (గ్రామ పరిపాలనాధికారులు) అన్నారు, పంచాయతీ కార్యదర్శులన్నారు, వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు) అన్నారు. పొరుగున తెలంగాణలో 2020లో ఆ వీఆర్వోలనూ రద్దు చేశారు. మన రాష్ట్రంలో పాత తలారి (ఊరి కావలి), వెట్టి (ఊరి చాకిరీ) పనులు చేస్తున్న వీఆర్ఏలు (గ్రామ రెవెన్యూ సహాయకులు) ఇవాళ్టికీ పే స్కేలు కోసం కలెక్టరేట్ల ముందు టెంట్లు వేసుకుంటున్నారు. పేరు మార్చినంత తేలిగ్గా జీతం సంగతి తేల్చరేం? రీసర్వేలో (భూముల్ని మళ్లీ కొలిచేటప్పుడు) గట్టు తగాదా వస్తే మాత్రం అధికారులు వెతికేది ఆ కరణాలు రాసిన పుస్తకాలనే.

1960 తీర్పు సంగతి సవరణగా వేయండి. 1969 నిబంధనల కింద చేరి 1984లో ఇంటికి పోయినవాళ్లకు ఎంత ముట్టిందో రెవెన్యూ శాఖను అడిగి అచ్చువేయండి. వాళ్లలో కొందరింకా బతికే ఉన్నారు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు