సర్వర్ జోలికి ఇప్పుడే వెళ్ళకు

ఒరేయ్ బావా,

లాబ్‌లో మెషీన్లు నెట్‌వర్క్ మీద సర్వర్ నుంచి బూట్ అవ్వట్లేదంటూ నువ్వు పంపిన ఫోటో చూశాను. సగం స్క్రీన్ ట్యూబ్‌లైట్ వెలుగులో కలిసిపోయినా కావాల్సిన ముక్క కనపడింది: పీఎక్స్ఈ-ఈ53, నెట్‌వర్క్ బూట్ ఎర్రర్ కోడ్. ఇక ఆ సర్వర్‌ని ఫార్మాట్ చేసి ఎల్‌టీఎస్‌పీ (లాబ్ మెషీన్లన్నిటినీ ఒకే సర్వర్ నుంచి బూట్ చేసే సాఫ్ట్‌వేర్) మళ్ళీ ఎక్కిస్తానన్న ఆలోచన మానుకో. మీ ప్రిన్సిపాల్ గారు ఎంత టెన్షన్ పెట్టినా సరే.

ఈ53 అంటే మెషీన్‌కి ఐపీ అడ్రస్ దొరికింది గానీ, ఏ ఫైలుతో బూట్ అవ్వాలో ఎవరూ చెప్పలేదని అర్థం. కాబట్టి కేబుల్, నెట్‌వర్క్ కార్డు బాగానే ఉన్నట్టు. రౌటర్ ఐపీ ఇచ్చేసి తన పని అయిపోయిందనుకుంది. ఫైలు పేరు చెప్పాల్సింది మీ సర్వర్‌లోని డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్. అదే నోరు మెదపలేదు.

ముందు అది నడుస్తోందో లేదో చూడు. ఉబుంటులో డీఎన్ఎస్ (పేర్లకి ఐపీ అడ్రస్ చెప్పే పని) వాడే 53వ పోర్టుని సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే సర్వీసు ముందే పట్టుకుని కూర్చుంటుంది. డీఎన్ఎస్‌మాస్క్‌కి డీఎన్ఎస్ పని కూడా అప్పగిస్తే పోర్టు దొరక్క మొదట్లోనే చతికిలబడుతుంది. మీ లాబ్‌కి ఆ పని అక్కర్లేదు, కాన్ఫిగ్‌లో పోర్టు సున్నా పెట్టెయ్. నడుస్తూనే ఉంటే టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో వచ్చిపోయే ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టి 67, 68, 69, 4011 పోర్టులు గమనిస్తూ ఒక్క మెషీన్ ఆన్ చెయ్. ఐపీ అడుగుతూ అది పంపే డిస్కవర్ ప్యాకెట్ బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ వెళ్ళేది కాబట్టి సర్వర్‌కీ చేరాలి. చేరలేదా, స్విచ్‌లో వీల్యాన్ (నెట్‌వర్క్‌ని ముక్కలుగా విడగొట్టే సెట్టింగ్) ఎవరో మార్చారు. చేరింది గానీ సర్వర్ నుంచి జవాబు లేదా, ఫైర్‌వాల్ లేదా కాన్ఫిగ్. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది.

విసుగొచ్చి సర్వర్‌లో పూర్తి డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) మాత్రం ఆన్ చెయ్యకు. రౌటర్‌ది ఆపకుండా అలా చేస్తే ఇద్దరూ పోటీపడి ఐపీలు పంచుతారు. ఆఫీసు రూమ్‌లో ప్రింటర్ ఆగిపోతే తిట్లు నీకే.

ఈ53 పోయాక ఈ32 వస్తే కంగారుపడకు, అది ముందడుగే. ఫైలు పేరు తెలిసింది, దాన్ని పంపాల్సిన టీఎఫ్‌టీపీ సర్వీసు మాత్రం పలకలేదు. 69వ యూడీపీ పోర్టు తెరిచి ఉందో లేదో చూడు.

ఒక మెషీన్ బూట్ అయ్యి పక్కది ఈ51 (డీహెచ్‌సీపీ జవాబే రాలేదని) అంటోందన్నావు చూడు, అసలు తలనొప్పి అదే. నాకు అనుమానం కొత్త మేనేజ్డ్ స్విచ్ మీద. పాతకాలపు స్పానింగ్ ట్రీలో (స్విచ్‌ల మధ్య లూపు పడకుండా చూసే పద్ధతి) పోర్టు లేవగానే 15 సెకన్లు లిజనింగ్, ఇంకో 15 లెర్నింగ్ అంటూ ఏదీ దాటనివ్వదు. కొన్ని కార్డులు అంతసేపు ఆగలేక డీహెచ్‌సీపీ లేదనేసి చేతులెత్తేస్తాయి. తేల్చుకోవడం తేలిక. బీరువాలో పడున్న మామూలు అయిదు పోర్టుల స్విచ్‌ని మెషీన్‌కీ గోడ సాకెట్‌కీ మధ్య పెట్టు. ఇప్పుడు మెషీన్ రీస్టార్ట్ అయినా పెద్ద స్విచ్ వైపు లింకు పడిపోదు. అలా బూట్ అయితే దొంగ దొరికినట్టే, మెషీన్లున్న పోర్టుల్లో పోర్ట్‌ఫాస్ట్ (ఆ ఎదురుచూపు లేకుండా చేసే సెట్టింగ్) పెట్టు. ఒక్కోసారి మొదటి దశ దాటి ఐపీఎక్స్ఈ (రెండో దశ బూట్ ప్రోగ్రామ్) వచ్చాక ఆగుతుంది. అది కార్డుని మళ్ళీ మొదలుపెడుతుంది కదా, లింకు పడి లేచి ఆ 30 సెకన్లు మళ్ళీ మొదలవుతాయి.

కొత్త మెషీన్లు యూఈఎఫ్ఐవి (బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) అయితే సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్ ఫైళ్ళని అడ్డుకునే సెట్టింగ్) ఆపెయ్. పాత బయోస్ మెషీన్లకీ వీటికీ బూట్ ఫైళ్ళు వేరు. లాబ్ మెషీన్ తను ఏ రకమో డీహెచ్‌సీపీ రిక్వెస్టులోని 93వ ఆప్షన్‌లో చెబుతుంది: బయోస్ అయితే 0, 64 బిట్ యూఈఎఫ్ఐ అయితే 7. ఎల్‌టీఎస్‌పీ రాసిచ్చిన కాన్ఫిగ్ దీన్ని తనే చూసుకుంటుంది, చేత్తో రాసుంటేనే అనుమానించు. ఇంకోటి, 2019లో ఎల్‌టీఎస్‌పీని మొత్తం తిరగరాశారు. అంతకుముందు గైడ్లు చూసి ఆ కమాండ్లు కొట్టకు.

అన్నీ అయ్యి లాగిన్ స్క్రీన్ వచ్చాక కొత్త పిల్లల పాస్‌వర్డులు తీసుకోకపోతే, యూజర్లని చేర్చాక వాళ్ళ వివరాలు మెషీన్లకి అందేలా చేసే ఎల్‌టీఎస్‌పీ ఇనిట్‌ఆర్‌డీ కమాండ్ కొట్టలేదన్నమాట. కొట్టి మెషీన్లు రీస్టార్ట్ చెయ్.

స్విచ్ మోడల్ నంబరు పంపు, పోర్ట్‌ఫాస్ట్ ఎక్కడుందో చూసి చెబుతాను. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. అత్తయ్యకి నమస్కారాలు.

ఇట్లు,
నీ బావ