ఆ మాటలన్నిటికీ ‘ధైర్యం’ ఒక్కటే అర్థం కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో వచ్చే ఆంగ్ల పదపరిచయాన్ని నా దగ్గర చదువుకునే డిగ్రీ విద్యార్థులు కత్తిరించి నోటు పుస్తకాల్లో అంటించుకుంటారు. అంత నమ్మకంతో చదివే శీర్షిక కనుకనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇటీవలి సంచికలో కరేజ్, గట్స్, నర్వ్, ప్లక్, హార్ట్, బ్యాక్‌బోన్ అనే మాటలన్నిటినీ ఒక వరుసలో పెట్టి, ఎదురుగా ‘ధైర్యం, తెగువ’ అని రాసి ముగించారు. అర్థం తప్పని అనను. కానీ ఏ మాటను ఎవరి ముందు, ఏ సందర్భంలో వాడవచ్చునో చెప్పకపోతే ఉద్యోగ దరఖాస్తు రాసుకునే పిల్లలకు ఆ జాబితా వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కోసం పెట్టిన మాక్ ఇంటర్వ్యూలో ఒక విద్యార్థిని, హాస్టల్ నీటి సమస్యను నేరుగా కలెక్టరుకు విన్నవించిన తన స్నేహితురాలిని మెచ్చుకుంటూ ‘షి హ్యాడ్ ద నర్వ్ టు ఆస్క్ ద కలెక్టర్’ అన్నది. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవారికి అది ‘కలెక్టరునే అడిగేటంత పొగరు ఆ పిల్లకు’ అన్నట్టు వినిపించే ప్రమాదం ఎక్కువ. అదే నర్వ్ ‘ఇట్ టుక్ నర్వ్’ అన్నప్పుడు నిండు మెచ్చుకోలు. ‘లాస్ట్ హిజ్ నర్వ్’ అంటే బెదిరిపోయాడని. బహువచనంలో ‘నర్వ్స్’ అంటే తరచుగా కంగారు. ఇంత తేడా ఉన్న మాటకు ఒక్క ముక్కలో అర్థం చెప్పి ఊరుకోవడం ఎలా న్యాయం?

హార్ట్ విషయంలో చిక్కు మరీ లోతైనది. మనకు గుండె ధైర్యానికి స్థానం, మనసు జాలికి స్థానం. ‘గుండె నిబ్బరం’ అంటాము, ‘మనసొప్పలేదు’ అంటాము. ఇంగ్లిషులో ఆ రెండు పనులనూ హార్ట్ అనే ఒక్క మాటే మోస్తుంది. ‘టేక్ హార్ట్’ అంటే ధైర్యం తెచ్చుకొమ్మని. ‘ఐ డిడ్ నాట్ హ్యావ్ ద హార్ట్ టు టెల్ హర్’ అంటే మాత్రం ఆమెకు చెప్పడానికి మనసు రాలేదని. అక్కడ ఉన్నది పిరికితనం కాదు, కనికరం. ఈ వాక్యాన్ని తరగతిలో ఇచ్చిన ప్రతిసారీ చాలామంది ‘చెప్పే ధైర్యం లేకపోయింది’ అనే అనువదిస్తారు. బ్యాక్‌బోన్ దగ్గర కూడా మన నుడికారమే అడ్డం వస్తుంది. రైతు దేశానికి వెన్నెముక అని వింటూ పెరిగినవారు ‘హి హ్యాజ్ నో బ్యాక్‌బోన్’ అని చదివి, అతనికి అండ లేదని అర్థం చేసుకుంటారు. నిజానికి అది అతను గట్టిగా నిలబడలేడన్న నింద.

పట్టుదలను చెప్పే మాటలకూ ఇదే జాగ్రత్త కావాలి. మొండివాడు రాజుకన్నా బలవంతుడని సామెత ఉన్న భాష మనది. మొండితనంలో మనకు కొంత మెచ్చుకోలు కూడా వినిపిస్తుంది. ఆ ధీమాతో ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ స్టబర్న్’ అని గర్వంగా చెప్పేవారున్నారు. ఇంగ్లిషులో స్టబర్న్ ఎక్కువగా నిందగానే వినిపిస్తుంది. వారు చెప్పదలచుకున్నది డిటర్మిన్డ్, అంటే పట్టుదల గలవాడినని. ఇక గ్రిట్ అసలు అర్థం ఇసుక రేణువులు, గరుకు. మనస్తత్వవేత్త ఏంజెలా డక్‌వర్త్, ఆమె సహచరులు 2007లో వెలువరించిన పరిశోధన తరువాత ఆ మాట దూరపు లక్ష్యం మీద ఏళ్ల తరబడి సడలని ఆసక్తికీ శ్రమకూ పేరుగా విద్యారంగంలో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. వరదలో దూకి ఒకరిని కాపాడినవాడి సాహసానికి గ్రిట్ అంతగా అతకదు. మూడుసార్లు తప్పి నాలుగోసారి గ్రూప్స్ రాసేవారికి చక్కగా అతుకుతుంది.

మాటల పుట్టుక చెబితే పిల్లలకు వాటి స్థాయి తానై తెలుస్తుందని నా అనుభవం. ప్లక్ అంటే కోసిన జంతువులోంచి లాగి తీసే గుండె, కాలేయం, ఊపిరితిత్తులు. ధైర్యమనే అర్థంలో దానిని 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ తన మోటుమాటల నిఘంటువులో చేర్చాడు. అంత మోటుగా మొదలైన మాట కాలక్రమంలో మర్యాదస్థుల నోట కూడా పలికింది. గట్స్ ఇప్పటికీ ఆ మెట్టు పూర్తిగా ఎక్కలేదు. ‘గట్స్ ఉంటే రా’ అని మన వీధుల్లో ఎంత వాడుకైనా, దరఖాస్తు లేఖలో అది నప్పదు. మాక్సీ అమెరికావారి మాట. మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ పట్టణంలో అగస్టిన్ థాంప్సన్ అనే వైద్యుడు 1880లలో అమ్మకానికి పెట్టిన చేదు పానీయం పేరే అక్కడ చొరవకు, తెగువకు పేరైంది. బాటిల్ అంటే ధైర్యమని వాడుక మాటల్లో చెప్పుకునేది బ్రిటన్‌లో. వీటిని విని అర్థం చేసుకుంటే చాలు, మన పిల్లలు నోటికి తెచ్చుకోనక్కరలేదు.

అందుచేత నా విన్నపం ఒక్కటే. వారానికి పది మాటలు ఇచ్చే చోట మూడే ఇవ్వండి. ఒక్కో మాటకు రెండు పూర్తి వాక్యాలు, అది మెచ్చుకోలో నిందో, రాతలో పనికొస్తుందో కబుర్లకే పరిమితమో, ఏ దేశంలో ఎక్కువగా వినిపిస్తుందో ఒక్కో ముక్క చేర్చండి. జూనియర్ కళాశాలల ఆంగ్ల అధ్యాపకులను అడిగితే తమ విద్యార్థులు తడబడే వాక్యాలను వారే పంపుతారు. నా వంతుగా నర్వ్, హార్ట్, స్టబర్న్ మాటలకు రాసిపెట్టుకున్న వాక్యాలను ఈ ఉత్తరంతో జతపరుస్తున్నాను.

భవదీయుడు,
ఒక ఆంగ్ల అధ్యాపకుడు,
బాపట్ల