లావు సరే, నిద్ర మాటేమిటి?

సంపాదకులకు,

ఒడ్డూ పొడుగూ చూసి ఉద్యోగం లేదనకూడదన్న చట్టం న్యూయార్క్ నగరంలో 2023 నవంబరు 22 నుంచి అమల్లో ఉంది. "రేపు రైలు నడిపేవాణ్ణి కూడా ఏమీ అనకూడదా?" అని మా వాకింగ్ జట్టులో ఒకటే ఎకసెక్కాలు. ముఖ్యమైన పనే చేయలేని ఉద్యోగాలకు మినహాయింపు ఇచ్చే వీలు ఆ చట్టంలోనే ఉంది. లోకో పైలట్‌గా రిటైరైన నా పేచీ వేరు.

షికాగోలో ఒక సిటీ బస్సు డ్రైవరు బరువు, సీటు మోయగల 400 పౌండ్లు (సుమారు 181 కిలోలు) దాటింది. ఆయన్ని బస్సెక్కించి నడిపించి చూశారు. స్టీరింగు చేయి మీద చేయి వేసి తిప్పలేకపోయాడు, పాదం బ్రేకు మీదా యాక్సిలరేటరు మీదా ఒకేసారి పడింది. మళ్లీ బస్సు నడపనివ్వలేదని కేసు వేసి, 2019లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయాడు. లావు దానంతటదే వైకల్యం కాదన్న కోర్టు మాట నాకు ఎక్కలేదు గానీ, ఆ పరీక్ష మాత్రం న్యాయమైనదే.

మాకైనా అంతే. రాత్రిపూట రెండు స్టేషన్ల మధ్య గూడ్సు ఆగి, వెనకెక్కడో వ్యాగన్ల మధ్య బ్రేకు గాలి పోయే హోస్ పైపు ఊడిందనుకోండి. క్యాబ్ నిచ్చెన దిగితే కాలు పడేది జారే కంకర మీద. టార్చి పట్టుకుని వ్యాగన్ల వెంట నడవాలి, పైపు కలపాలి, తిరిగొచ్చి నిచ్చెనెక్కాలి. అది చేయించి చూడండి. చేయగలిగితే కాటా ఎంత చూపిస్తే ఏం?

కాటాకు అందనిది నిద్ర. 2013 డిసెంబరు 1న న్యూయార్క్‌లోని స్పైటెన్ డైవిల్ మలుపులో, 30 మైళ్లు దాటకూడని చోట రైలు 82 మైళ్ల వేగంతో వచ్చి పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. డ్రైవరుకు స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగాగి, పగలు కునుకు తెప్పించే జబ్బు) ఉందని తర్వాతే బయటపడింది. లావుగా ఉన్నవాళ్లలో అది ఎక్కువే. కానీ డ్యూటీల మధ్య మేం పడుకునే రన్నింగ్ రూమ్‌లో కప్పు లేచిపోయేలా గురకపెట్టి, పగలు కూర్చున్నచోటే కునికేవాడు రివటలా ఉండేవాడు! డాక్టరుకు చెప్పమంటే చెప్పడు. డీకేటగరైజ్ చేస్తే, అంటే ఇంజను దింపి వేరే పనిలో పెడితే, ఉద్యోగం ఉంటుంది, మైలేజీ (నడిపిన దూరాన్ని బట్టి ఇచ్చే భత్యం) పోతుంది. పిల్లల ఫీజులన్నీ ఆ మైలేజీ మీదే.

అమెరికాలోనే ఒక రైల్వే కంపెనీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 40 దాటిన అభ్యర్థిని నిద్ర పరీక్ష వగైరా సొంత డబ్బుతో చేయించుకు రమ్మంది. ఇదెక్కడి న్యాయం? సన్నమో లావో, ఇంజనెక్కే ప్రతివాడికీ ఆ పరీక్ష యాజమాన్యమే చేయించాలి. చికిత్సలో ఉన్నన్నాళ్లూ సగటు మైలేజీ కట్టివ్వాలి. అప్పుడు మావాళ్లు గురక దాచుకోరు.

– రిటైర్డ్ లోకో పైలట్, కాజీపేట