ఊడొచ్చే జిగురు సంగతి

ఒరే శీనూ,

ఎలా ఉన్నావురా? పిన్నిగారి మోకాలి నొప్పి తగ్గిందా? "ఊడిపోయే జిగురు తయారుచేస్తున్నావా, దానికి జీతం కూడానా!" అని మొన్న తెగ నవ్వావు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డు తగులుతావని ఉత్తరమే రాస్తున్నా.

ఫైబర్ బోట్లు బాగుచేసేవాడివి, ఈ బాధ నీకు చెప్పక్కర్లేదు. రెసిన్ అనే జిగట ద్రవంలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పడి ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు. పాత అతుకు తీయాలంటే గ్రైండర్ పట్టాల్సిందే, ఒళ్ళంతా దురద పడాల్సిందే. గాలిమరల రెక్కలకు వాడే ఎపాక్సీ అనే రెసిన్‌దీ అదే తంతు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం కాస్పర్ దగ్గర పాత రెక్కల్ని ముక్కలుగా కోసి భూమిలో పాతిపెట్టారు.

డీల్స్, ఆల్డర్ అని ఇద్దరు జర్మన్లు 1928లో ఒక రసాయన చర్య చూపించారు, 1950లో దానికే నోబెల్ వచ్చింది. వేడిచేస్తే ఊడొచ్చే మా జిగురుకు ఆధారం అదే. ఫ్యూరాన్, మాలెయిమైడ్ అనే రెండు రసాయన ముక్కలు 60 డిగ్రీల దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, 120 దాటితే వదిలేస్తాయి, చల్లారనిస్తే మళ్ళీ పట్టుకుంటాయి. ఫ్యూరాన్ భాగం చెరకు పిప్పి నుంచో మొక్కజొన్న బెండ్ల నుంచో తీయొచ్చు. మాలెయిమైడ్ మాత్రం ఇంకా ఎక్కువగా పెట్రోలియం సరుకే, కాబట్టి ఎవరైనా "పూర్తిగా మొక్కల జిగురు" అంటే రెండోసారి అడుగు.

పరీక్ష చూస్తే నీకు సరదాగా ఉంటుంది. అంగుళం వెడల్పు కార్బన్ ఫైబర్ పట్టీలు రెండు తీసుకుని, అరంగుళం మేర ఒకదానిపై ఒకటి అతికించి, మెషిన్‌తో చెరోవైపూ లాగుతాం. ఎంత బలానికి తెగిందన్నది కంప్యూటరే చెబుతుంది. నేను ముందు చూసేది తెగిన ముఖాల్ని. రెండు పట్టీల మీదా జిగురు మిగిలితే పట్టు బాగున్నట్టు. ఒకవైపు నున్నగా ఊడొచ్చిందంటే సాండ్‌పేపర్ సరిగా పట్టలేదనో, తుడిచిన గుడ్డకు నూనె ఉందనో అనుమానం.

టెన్షనంతా ఎండతోనే. వేసవిలో ముదురు రంగు ఫైబర్ ముట్టుకుంటే కాలుతుంది కదా, ఆ వేడిలో బరువు మోస్తూ ఉంటే అతుకు మెల్లమెల్లగా జారుతుంది. వదిలే వేడిని పెంచుదామంటే, పదేపదే ఎక్కువ వేడికి మాలెయిమైడ్‌లు తమలో తామే అతుక్కుపోతాయి. అప్పుడు ఊడమన్నా ఊడదు.

అమెరికాలో ఎన్‌ఆర్‌ఈఎల్ అనే ప్రభుత్వ ఇంధన పరిశోధనశాల వాళ్ళు 2024లో మొక్కల నుంచి తీయగలిగే రెసిన్‌తో 9 మీటర్ల గాలిమర రెక్క చేశారు. ఆ రెసిన్‌ని 225 డిగ్రీల దగ్గర మెథనాల్‌లో ఆరు గంటల్లో విడగొట్టి లోపలి ఫైబర్ నారను వెనక్కి తీసుకోవచ్చట. గొప్ప పనే. కానీ మొత్తం వస్తువును విడగొట్టేకంటే, పాడైన భాగం ఒక్కటీ ఊడదీసి కొత్తది అతికించడం చవక అని నా నమ్మకం.

ఒక పని చేసిపెట్టు. ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి నానిన పాత బోటు ముక్కలు రెండు మూడు పంపు. గ్రైండర్ పట్టొద్దు, ఉన్నవి ఉన్నట్టే కావాలి. కొరియర్ డబ్బులు నేనే ఇస్తాలే.

నీ
రాము