కార్యదర్శి వార్షిక నివేదిక: పాత హాళ్లు, కొత్త టవర్లు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు ఏడాది పని చదివి వినిపించాలన్నది మన నిబంధన. రాత్రిపూట పాటలు, డాన్సు నడిచే హాళ్లను కాపాడుకోవడానికే మన సంఘం పుట్టిందని మీకు తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ ఏడాది మన ఆఫీసుకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే కథ. హాలు పక్కన టవర్ లేచింది, జనం దిగారు, పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. హాలేమో ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంది. ఫ్లాటు కొన్నవాళ్లను నేను తప్పు పట్టను. అర్ధరాత్రి దాటాక గోడలోంచి దబ్ దబ్ అని వస్తుంటే పడుకునేవాళ్లకు టెన్షనే. తప్పు ప్లాన్ పాసైన రోజే జరిగిపోయింది. గోడలు లేచాక దాన్ని దిద్దడం ఎవరి తరమూ కాదు.

అందుకే ఏడాదంతా ఒకే మాట పట్టుకుని తిరిగాం. ముందు నుంచి ఉన్నదానికి తగ్గట్టు తర్వాత వచ్చినవాళ్లే కట్టుకోవాలి. ప్లానింగ్ వాళ్లు దీన్ని ‘ఏజెంట్ ఆఫ్ చేంజ్’ సూత్రం అంటారు. హాలు పక్కకు టవర్ వస్తే శబ్దం ఆపే ఖర్చు బిల్డర్‌ది. ఇళ్ల మధ్యకు కొత్త క్లబ్ వస్తే ఆ ఖర్చు క్లబ్‌ది. ఈ రెండో సగాన్ని మన సభ్యుల్లోనే కొందరు మర్చిపోతున్నారు, గుర్తు చేస్తున్నాను. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో దీన్ని తన ప్లానింగ్ నిబంధనల్లో చేర్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో 2015లో చట్టమే చేసింది. ఇంగ్లండ్ జాతీయ ప్లానింగ్ విధానంలోకి 2018లో వచ్చింది. బ్రిస్బేన్ నగరం అంతకు ముందే, 2006లో, ఫోర్టిట్యూడ్ వ్యాలీని ప్రత్యేక వినోద ప్రాంతంగా గుర్తించి, అక్కడ కొత్తగా కట్టే ఇళ్లకు శబ్దం ఆపే ఏర్పాట్లు తప్పనిసరి చేసింది. ఇవన్నీ జతచేసి వినతిపత్రం ఇచ్చాం. అందినట్టు రసీదు ఒక్కటే వచ్చింది.

ఇక ఈ ఏడాది నేను గర్వంగా చెప్పుకునే పని, మనం చేసిన రాత్రి నడక. హాలు నడిపేవాళ్లనీ, పక్క టవర్‌లో ఉండేవాళ్లనీ ఒకచోటికి తేవడానికి నాలుగు నెలలు పట్టింది. శనివారం రాత్రి ముందు అందరం హాల్లో నిలబడి విన్నాం. తర్వాత టవర్ ఏడో అంతస్తులో ఒకరి పడకగదికి వెళ్లాం. కిటికీలు మూసి, మన సౌండ్ ఇంజనీరు మీటర్ పెట్టారు. మామూలు రిపోర్టుల్లో వాడే ఎ స్కేలులో 34 డెసిబెల్స్ చూపించింది. చాలామంది ఇంతేనా అన్నారు. ఆయన బటన్ నొక్కి సి స్కేలుకు మార్చారు, 58 చూపించింది. దబ్ దబ్ అనే లోతైన శబ్దం, అంటే బేస్, ఉండే 63 హెర్ట్జ్ దగ్గర ఎ స్కేలు దాదాపు 26 డెసిబెల్స్ తగ్గించి లెక్కేస్తుంది, సి స్కేలు ఒక్కటి కూడా తగ్గించదు. అంటే ఇంటివాళ్లను నిద్రపోనివ్వని బేస్ చాలావరకు మామూలు రిపోర్టులో కనిపించనే కనిపించదు. ఆ శబ్ద తరంగం ఒక్కొక్కటి 5 మీటర్లకు పైగా పొడవుంటుంది. పల్చటి అద్దానికి అది లొంగదు, బరువైన గోడ కావాలి.

అప్పుడే హాలు మేనేజర్ కిందికి ఫోన్ చేసి, పాట వాల్యూమ్ ముట్టుకోకుండా బేస్ ఒక్కటే తగ్గించమన్నారు. ఇంటావిడ కిటికీ అద్దం మీద అరచేయి ఆనించి నిలబడ్డారు. కాసేపటికి చేయి తీసి, “ఇప్పుడు వణకడం లేదు” అన్నారు. కింద డాన్స్ చేసేవాళ్లు ఎవరూ తేడా గమనించలేదని తర్వాత తెలిసింది. మర్నాడే ఆ హాలువాళ్లు బేస్ స్పీకర్లను గోడకు దూరంగా జరిపి, కింద రబ్బరు దిమ్మలు పెట్టారు. టవర్‌వాళ్లు పోలీసుల కంటే ముందు మేనేజర్‌కు ఫోన్ చేస్తామని ఒప్పుకున్నారు. అప్పటి నుంచి ఆ హాలు మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఆరేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను, ఇంత తృప్తి ఇచ్చిన పని ఇంకొకటి లేదు.

టవర్లన్నిటినీ అడ్డుకోవాలని కొందరు సభ్యులు తీర్మానం పెట్టారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నగరం నడిబొడ్డున మనుషులు ఉంటేనే మన హాళ్లకు జనం వస్తారు. మనం అడగాల్సింది డ్రాయింగ్ దశలోనే అడగాలి. పడకగదులు హాలు వైపు పెట్టొద్దు. ఆ వైపు లిఫ్టు, మెట్లు, కారిడార్ రావాలి. హాలుకూ ఇళ్లకూ మధ్య ఆఫీసులైనా పార్కింగైనా పెట్టాలి. పాత హాలు కూలగొడితే గ్రౌండ్ ఫ్లోర్‌లో దానికి చోటిస్తామని కూల్చకముందే రాసివ్వాలి. స్థలం విలువ పెరిగేకొద్దీ ఒక్క అంతస్తు హాలు మీద అద్దె ఒత్తిడి పెరుగుతుంది. శబ్దం గొడవ తీరినా ఈ ముప్పు తీరదు. లీజు ముగిసిందన్న కారణంతో ఈ ఏడాది రెండు చిన్న స్టేజీలు మూతపడ్డాయి. వాటి కోసం మనం ఏమీ చేయలేకపోయాం.

ఇది రాయకుండా ఉండలేను. కొత్త టవర్ మీద అభ్యంతరాల విచారణకు వస్తామని గ్రూపులో నలభై మంది చెప్పారు. వచ్చింది ఆరుగురం. బిల్డర్ తరఫున వరసగా కన్సల్టెంట్లు కూర్చున్నారు. వాళ్ల శబ్దం రిపోర్టు మంగళవారం మధ్యాహ్నం కొలిచింది, హాలు తలుపులు మూసి ఉన్న వేళ. అధికారులు దాన్నే తీసుకున్నారు. శనివారం అర్ధరాత్రి మళ్లీ కొలవమని మూడుసార్లు రాశాం, జవాబు లేదు. రాత్రి జరిగే వ్యవహారాలకు బాధ్యుడైన అధికారి ఒక్కరూ లేరు. న్యూయార్క్ 2017లోనే నైట్‌లైఫ్ కోసం ప్రత్యేక కార్యాలయం పెడుతూ చట్టం చేసింది. మనం అడిగేది ఒక్క మనిషిని.

జమాఖర్చులు ఆడిటర్ చూసి సంతకం చేశారు. మిగులు స్వల్పమే, అప్పు లేదు. మీటర్ అద్దె, వినతిపత్రాల ప్రింటింగ్ పెద్ద ఖర్చులు. కావలసినవారు కోశాధికారి గారి దగ్గర పుస్తకం చూడవచ్చు.

మీటర్ పట్టుకుని అన్ని రాత్రులూ వచ్చిన సౌండ్ ఇంజనీరు గారికి, తమ పడకగది తలుపు తెరిచిన ఆ దంపతులకు, విచారణ రోజు సెలవు పెట్టి వచ్చిన ఐదుగురికి, ఫీజు తీసుకోకుండా అభ్యంతరాలు రాసిచ్చిన లాయరు గారికి, ఓపిగ్గా ఫోన్లు ఎత్తిన సహాయ కార్యదర్శికి, హాళ్ల యజమానులకు, కళాకారులకు, షో అయ్యాక కుర్చీలు సర్దే కుర్రాళ్లకు పేరుపేరునా ధన్యవాదాలు.

తదుపరి విచారణ లోపు మనమే ఐదు శనివారాలు శబ్దం కొలిచి సొంత రిపోర్టు ఇవ్వాలని కమిటీ నిర్ణయించింది. ఒక్కో రాత్రికి నలుగురు కావాలి. జాబితా నోటీసు బోర్డు మీద ఉంది. ఇప్పటికి మొదటి రెండు రాత్రులకే పేర్లు నిండాయి.

ఇట్లు,
కార్యదర్శి