బక్కెట్లో బంధిస్తే చేపకు బుద్ధి రాదు

సంపాదకులకు నమస్కారం.

మా కింది వాటాలో ఏడో తరగతి చదివే పిల్లవాడు ఉన్నాడు. సంక్రాంతికి పెద్దలిచ్చిన డబ్బులు దాచుకుని రెండడుగుల అద్దాల తొట్టి కొనుక్కున్నాడు. అందులో నాలుగు ఏంజెల్ చేపలు, ఆరు గప్పీలు, ఒక ఆస్కార్ పిల్ల. తెచ్చిన రోజున ఆ ఆస్కార్ వాడి బొటనవేలంత ఉంది. వేసవి సెలవులు అయ్యేసరికి నా అరచేయంత అయింది. గప్పీలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఏంజెల్ చేపల రెక్కలు పేలికలయ్యాయి.

అమ్మిన దుకాణానికి వెళ్లి అడిగితే, "బక్కెట్లో వేసి రెండు రోజులు మేత పెట్టకు, బుద్ధి వస్తుంది. మళ్లీ తరిమితే చీపురుపుల్లతో ఒకటి వెయ్యి" అని చెప్పారట. పెద్దవాళ్లు చెప్పారు కదా అని పిల్లవాడు అలాగే చేశాడు. తిరిగి తొట్టిలో వేసిన గంటకే ఆస్కార్ మళ్లీ తరమడం మొదలుపెట్టింది. వారం తిరగకుండా దాని ఒంటినిండా ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్ల మచ్చలు లేచాయి. అప్పుడు మెట్లెక్కి మా ఇంటికి వచ్చి, "టీచరమ్మా, ఇది ఎంత చెప్పినా వినడం లేదు, కాలువలో వదిలేయమంటున్నారు మా నాన్న" అని ఏడ్చాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఇంట్లో చేపల్ని పెంచడం మొదలుపెట్టి పదిహేడేళ్లయింది. ఈ "బుద్ధి చెప్పడం" అన్న మాట ఇప్పటికి చాలామంది నోట విన్నాను. ఆ మాట వల్ల చేపలు పడే బాధ చూశాను. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా, గప్పీల్ని తినడం ఆస్కార్ తప్పు కాదు. అమెజాన్ నదీ ప్రాంతంలో పుట్టిన ఆ జాతి, నోట్లో పట్టే చిన్న చేపను మేతగానే చూస్తుంది. అది కోపం కాదు, ఆకలి. ఏంజెల్ చేపల్ని తరమడం వేరే సంగతి. ఆస్కార్ పెద్దదైతే అడుగు పొడవుంటుంది. ఆ పిల్లవాడి తొట్టి పొడవు రెండడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగు. అంచుదాకా నింపినా దాదాపు యాభై ఏడు లీటర్ల నీళ్లు. ఎదిగే ఆస్కార్‌కు ఆ తొట్టి మొత్తం కలిపినా ఒక్క మూల కిందే లెక్క. ఆ మూలలో ఇంకెవరు కదిలినా దాని చోట్లోకి చొరబడినట్టే. ఏంజెల్ చేపలు తప్పుకుందామన్నా ఎక్కడికి పోతాయి?

చేపకు నేర్చుకునే శక్తి లేదని నేను అనడం లేదు. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త గుడ్డిదైన ఒక పిల్లిచేపకు ఈల వేసి మేత పెట్టడం అలవాటు చేశాడు. కొన్నాళ్లకు ఈల వినగానే అది దాగిన చోటు నుంచి బయటికి వచ్చేది. ఆ సంగతి ఆయన 1923లో ప్రచురించాడు. ఆ రోజుల్లో చేపలకు చెవులు వినపడవని నమ్మినవాళ్లు చాలామంది. మా ఇంటి తొట్టిలో ఉన్న ఆస్కార్ కూడా చెంచాతో అద్దం అంచును రెండుసార్లు మెల్లగా తాకితే ఎడమ మూలకు వస్తుంది. అది అక్కడ తింటుండగా కుడివైపు మిగతావాటికి మేత వేస్తాను. ఇది నేర్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. మేత ఎక్కడ దొరుకుతుందో, ఎప్పుడు దొరుకుతుందో చేప చక్కగా నేర్చుకుంటుంది. తన చోటు తనది కాదనుకోవడం మాత్రం ఏ చేపకూ నేర్పలేం.

దండన ఎందుకు పనిచేయదో పిల్లవాడికి ఇలా చెప్పాను. ఏంజెల్‌ను తరిమింది పొద్దున. బక్కెట్లో పడింది మధ్యాహ్నం. ఈ రెంటినీ కలిపే దారం నీ మనసులో ఉంది, చేపకు లేదు. దానికి తెలిసిందల్లా వల వచ్చింది, నీళ్లు మారాయి, చీకటి, ఆకలి. పుల్లతో పొడిచినా అంతే. చేప ఒంటికి రెండు పక్కలా పార్శ్వరేఖ ఉంటుంది, నీటిలో పుట్టే అతి చిన్న కదలిక కూడా దానికి దాంతో తెలుస్తుంది. అద్దం మీద మనం దబదబ కొట్టినప్పుడు దానికి తప్పించుకునే దారి లేదు. భయంతో ఒంట్లో సత్తువ తగ్గుతుంది, తెల్ల మచ్చల తెగులు తెచ్చే పరాన్నజీవికి అదే అదను.

తనలాంటి చేప కనబడితే పోట్లాటకు దిగే ఫైటర్ చేప విషయంలో ఇంకో పొరపాటు జరుగుతోంది. గాజు గిన్నె ముందు అద్దం పెట్టి దాని కోపం తీరుద్దామనుకుంటారు. ట్రావిస్ థాంప్సన్ అనే పరిశోధకుడు 1963లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పని చేస్తే అద్దంలో తన ప్రతిబింబం కనబడే ఏర్పాటు చేస్తే ఫైటర్ చేపలు ఆ పని నేర్చుకుని మళ్లీ మళ్లీ చేశాయి. అంటే మొప్పలు విప్పి ఎదుటివాడి మీదికి వెళ్లే అవకాశమే దానికి బహుమతి. అద్దం చూపిస్తే కోపం చల్లారుతుందన్న ఆశ నాకు లేదు. మా ఇంట్లో ఫైటర్ రోజూ సాయంత్రం ఒకే వేళకు రెచ్చిపోయేది. చాలా రోజులకు గమనించాను: గదిలో దీపం వెలిగించకుండా తొట్టి దీపం మాత్రం వేస్తే లోపలి అద్దమే దర్పణమవుతోంది. వెనుక మూడు వైపులా నల్ల కాగితం అంటించి, గది దీపం కూడా వేయడం మొదలుపెట్టాను. అంతటితో ఆగింది.

నా చిన్నప్పుడు మా ఊరి చెరువులో కొర్రమీను పిల్లల్ని చూశాను. ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా నీటిపైన తిరుగుతుంటే, కింద పెద్ద చేప కాపలా ఉండేది. కప్ప దగ్గరికి వచ్చినా, మనం చెయ్యి పెట్టినా విరుచుకుపడేది. తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీన్నే. ఆ చేపకు క్రమశిక్షణ లేదని ఆ చెరువు గట్టున ఎవరూ అనగా నేను వినలేదు.

కింది వాటా తొట్టిలో ఏం చేశామో చెబుతాను. ముందు ఉప్పు నీళ్లతో తెగులు నయం చేశాం. తర్వాత ఆస్కార్‌ను గాలి గొట్టం పెట్టిన పెద్ద టబ్బులో మూడు రోజులు వేరుగా ఉంచాం, రోజూ మేత పెట్టాం. ఈలోగా తొట్టిలో రాళ్లన్నీ చోటు మార్చి, పగిలిన మట్టి కుండల ముక్కలు నిలబెట్టాం. ఏంజెల్ చేపలు తలా ఒక చోటు చూసుకున్నాయి. ఆస్కార్‌ను తిరిగి వేశాక రెండు రోజులు బెరుకుగానే తిరిగింది, ఎందుకంటే దానికి అది కొత్త ఊరు. బక్కెట్ శిక్ష పనిచేసిందని కొందరు చెప్పేది కూడా ఇలాంటి మార్పు చూసే అయి ఉంటుంది. మూడో రోజున మళ్లీ తరమడం మొదలైంది. ఆ తొట్టి దానికి చాలదు, అంతే. ఇప్పుడది మా ఇంట్లో విడిగా ఐదడుగుల తొట్టిలో ఒక్కటే ఉంది, పిల్లవాడు రోజూ బడి నుంచి రాగానే వచ్చి మేత పెడతాడు.

కాలువలో వదలనివ్వలేదు. పెంపుడు తొట్ల నుంచి బయటపడిన దక్షిణ అమెరికా చేపలు మన చెరువుల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి. వాటిలో ముళ్లపొలుసుల పిల్లిచేపను దెయ్యం చేప అని పిలుస్తున్నారు. దాన్ని మొదట వదిలినవాళ్లు కూడా జాలితోనే వదిలి ఉంటారు.

దుకాణాలవారికి నా విన్నపం ఒక్కటే. ప్రతి గాజుపెట్టె మీద చేప పేరు, ధరతో పాటు అది ఎంత పెరుగుతుంది, దేనితో కలవదు అన్నది తెలుగులో రాసిపెట్టండి. ఫ్లవర్‌హార్న్ అదృష్టం తెస్తుందని చెప్పి అమ్మేటప్పుడు, అది ఒంటరిగా ఉండాల్సిన చేప అని కూడా చెప్పండి. మీ పత్రిక పిల్లల పేజీలో ఈ సంగతులు ఒకసారి వేస్తే, చీపురుపుల్ల పట్టుకునే చేతులు కొన్నయినా ఆగుతాయి.

నేను, పిల్లవాడు ఆ దుకాణానికి రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి విసుక్కున్నారు. రెండోసారి, పిల్లవాడు తన చేత్తో రాసి తీసుకెళ్లిన "ఆస్కార్: అడుగు పెరుగుతుంది, గప్పీలను తింటుంది" అన్న కాగితాన్ని గాజు మీద అంటించనిచ్చారు. ఫైటర్ చేపలు మాత్రం ఇంకా ప్లాస్టిక్ గ్లాసుల్లోనే ఉన్నాయి, ఒకదానికొకటి కనబడేలా. వచ్చే ఆదివారం గ్లాసుల మధ్య పెట్టడానికి అట్టముక్కలు కత్తిరించి తీసుకెళ్తున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
తెనాలి